మలుపు దగ్గర చప్పుడు

మూత పోయిన గిన్నె పట్టుకుని ఎవరొచ్చినా ఉపేంద్ర వట్టి చేతులతో పంపడు. విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో వాళ్ళది తాతల నాటి సామాన్ల కొట్టు. ఇత్తడి పోయి స్టీలు వచ్చింది, స్టీలు పక్కన నాన్‌స్టిక్కు చేరింది, ఈ అలవాటు మాత్రం మారలేదు. గిన్నె మూతి మీద బొటనవేలూ చూపుడువేలూ ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. అటక మీద జత తప్పిన మూతల గోతం ఒకటుంది. అందులో చెయ్యి పెట్టి ఏదో కంపెనీ మూత తీసి, ఇంకేదో కంపెనీ గిన్నె మీద పెడతాడు. అది పుట్టినప్పట్నుంచీ దానిదే అన్నట్టు కూర్చుంటుంది. ఊరందరి గిన్నెలకీ మూతలు కుదిర్చిన మహానుభావుడికి సొంత సంసారం కుదరలేదని వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళకేం, వాళ్ళ సొమ్మేం పోయింది.

గొడవంతా ఎర్రకారుతో మొదలైంది. పెళ్ళైన కొత్తలో విశాఖపట్నంలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు దాన్ని. రెండే సీట్లు. నేలని రాసుకుంటూ పోయేంత కురచ. పైకప్పు మడిచేస్తే ఇక ఆకాశమే కప్పు. బియ్యం బస్తా పట్టదు, రెండు వైపుల అత్తగార్లలో ఒక్కరూ పట్టరు. "ఇద్దరం చాలు కదే," అన్నాడు భార్య అనూరాధతో. ఆమె అతని మేనమామ కూతురే, ఊహ తెలిసినప్పట్నుంచీ బావా అని పిలిచిన పిల్లే. ఆ మాటకి మురిసిపోయి ఒకే ఒక్క కోరిక కోరింది. పైకప్పు తీసేసి కళింగపట్నం తీసుకెళ్ళు బావా, సముద్రం ఒడ్డున ఆపి టీ తాగుదాం, అని.

తీసుకెళ్ళలేదు. ఉప్పుగాలికి బాడీ తుప్పు పట్టేస్తుందని ఒక ఏడు, వానలని ఒక ఏడు, రోడ్డు బాగోలేదని మరో ఏడు. ఆదివారం పూట కారు మీద గుడ్డ తీసి, మెత్తటి బట్టతో తుడిచి, మళ్ళీ గుడ్డ కప్పేవాడు. చేతిలో ఉన్నప్పుడు దాచుకోవడం, చెయ్యి జారాక వెతుక్కోవడం కొందరికి పుట్టుకతో వచ్చిన విద్య.

"కారు తుప్పట్టకూడదు, సరే. నేను తుప్పట్టేస్తన్నాను. అది కనపడతాదా నీకు?" అని ఒక పొద్దున్న అడిగింది అనూరాధ.

అతను నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. ఆ తర్వాత ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం వస్తే ఆమె చేరిపోయింది. అక్కడే రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుంది. అరుపుల్లేవు, పెద్దమనుషుల్లేరు, కోర్టు కాగితాల్లేవు. వెళ్ళింది, అంతే.

అప్పుడు తీశాడు మన ఉపేంద్ర కారు మీద గుడ్డ! ఆదివారం కొట్టుకి సెలవు. సాయంత్రం అయ్యేసరికి ఎచ్చెర్ల చేరేవాడు. హైవే దిగి, కాలనీ మలుపు తిరిగి, ఆమె ఇంటి ముందు నుంచి నెమ్మదిగా పోయి, ఆ చివర తిప్పుకుని ఇంటికొచ్చేసేవాడు. ఆగేవాడు కాదు. పిలవని పేరంటానికి ఎలా వెళ్తాం అని అభిమానం. ఆమె ఎప్పుడూ బయట కనపడలేదు. ఈ మధ్య మాత్రం వెళ్ళేసరికి గుమ్మం ముందు గేటు ఊగుతూ ఉండేది. సముద్రపు గాలి కాబోలు అనుకునేవాడు. ఆమెని చూడాలని ప్రాణం కొట్టుకునేది. మొహం చూపించకపోయినా ఫరవాలేదు, పెరట్లో బట్టలు ఆరేస్తూ వీపైనా కనపడితే చాలనిపించేది. అదీ దొరికేది కాదు. తిరిగొస్తుంటే పక్క సీటు మీదికి కన్ను పోకుండా రోడ్డు మీదే చూపు నిలిపి నడిపేవాడు.

ఇది చాలదన్నట్టు కొన్ని నెలలుగా కారు ఒక పాట మొదలెట్టింది. మలుపు తిప్పితే చాలు, ముందు చక్రాల దగ్గర కటకటకటమని చప్పుడు. మెకానిక్ గంగరాజు కింద దూరి చూసి, మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో బయటికొచ్చాడు.

"యాక్సిలు బూట్లు సిరిగిపోనాయి బాబూ. రెండేపులా."

ఇంజను నుంచి చక్రానికి పోయే కడ్డీ చివర మన మోకాలి లాంటి కీలు ఒకటుంటుంది. దానికి గ్రీజు కూరి, పైన ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగు వేస్తారు. అదే బూటు. అది చిరిగితే గ్రీజు బయటికి, ఇసక లోపలికి. కీలు ఇక ఊరంతా వినపడేలా ఏడుస్తుంది. చూద్దాంలే, చేద్దాంలే అని ఉపేంద్ర వాయిదా వేస్తూ వచ్చాడు. వాయిదాలు వేయడంలో అతనికి మంచి అనుభవం ఉంది కదా.

ఒక సోమవారం బావమరిది గిరిబాబు విశాఖపట్నం నుంచి ఫోన్ చేశాడు.

"బావా, అక్కకి ఇక్కడ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఆదివారానికల్లా సామాన్లు సద్దేస్తాది. సోమవారం బండి పంపుతన్నాను. నిన్నేటీ అనడం నేదు. సెప్పాలనిపించింది, సెప్పినాను."

ఎచ్చెర్లలో ఉన్నన్నాళ్ళూ ఆమె వెళ్ళిపోయినట్టే ఉపేంద్రకి అనిపించలేదు. ఆదివారం ఉంది, ఆ మలుపు ఉంది, ఊగే గేటు ఉంది. విశాఖపట్నంలో గిరిబాబుది అయిదో అంతస్తు. ఏ గేటు ముందు నుంచి పోతాడు? ఈ ఆదివారం ఆగాలి, దిగాలి, ఇంటికి రమ్మని అడగాలి. కానీ కీళ్ళు సడలిన ఎడ్లబండిలా కటకటలాడుతూ వెళ్ళి రమ్మంటే ఎవరొస్తారు? తనని తాను బాగుచేసుకోవడానికి వారం చాలదు. కారునైనా బాగుచేసుకుని వెళ్దామనుకున్నాడు.

అనుకున్నంత తేలికా? ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. విశాఖపట్నంలో అడిగితే బూటు విడిగా రాదు, యాక్సిలు మొత్తం కొనాలన్నారు. పాత స్పోర్ట్స్ కార్ల సామాన్లు అమ్మే బొంబాయి ఆయన ఒకడు ఫోన్లో దొరికి, విదేశం నుంచి తెప్పిస్తానన్నాడు. ఆ ధరకి కొట్టులో సగం సరుకు వచ్చేస్తుంది. పైగా నెల పడుతుందట.

"అమ్మీండి బాబూ దీన్ని. శుబ్బరంగా బస్సులో ఎల్లండి," అన్నాడు గంగరాజు.

"బస్సులో పక్క సీటు మనది కాదు గదరా," అన్నాడు ఉపేంద్ర. గంగరాజుకి అర్థం కాలేదు. అయినా జాలిపడి టీ తెప్పించాడు.

మర్నాడు దాలమ్మ అనే ముసలామె పాత గిన్నె పట్టుకుని కొట్టుకొచ్చింది. "దీని మూత పోనాది బాబూ. ఏ కంపెనీదైతే నాకేటి? మూతికి సరిపోతే సాలు," అంది. ఉపేంద్ర అలవాటుగా గిన్నె మూతి మీద వేళ్ళు ఆనించాడు. ఆనించినవాడు అలాగే ఉండిపోయాడు. ఆమెకి మూత వెతికిచ్చి, డబ్బులు కూడా పుచ్చుకోకుండా గంగరాజు షెడ్డుకి పరుగెత్తాడు.

చిరిగిన బూటు ఊడదీయించి మూతులు తడిమి, కొట్టుకి తెచ్చి సామాన్లతో పోల్చి చూశాడు. బూటుకి ఒక వైపు వెడల్పు మూతి, రెండో వైపు సన్న మూతి. వెడల్పుది స్టీలు టీ గ్లాసు అంచుకి అచ్చంగా సరిపోయింది. సన్నది కుంకుమ భరిణె మూతకి బిగిసి కూర్చుంది. ఆ గ్లాసునీ భరిణెనీ జేబులో వేసుకుని ఊళ్ళో ఉన్న స్పేరు పార్టుల కొట్లన్నీ తిరిగాడు. "ఏటి బాబూ, బేరానికొచ్చినారా, టీకొచ్చినారా?" అని ఒకాయన నవ్వాడు. నవ్వనిచ్చాడు. ఏ కారుకని అడిగితే చెప్పలేదు, ఎర్రకారని తెలిస్తే ధరకి రెక్కలొస్తాయి. బేరం సంగతి కోమటింట పుట్టినవాడికి వేరే నేర్పాలా! కొన్ని బూట్లు గ్లాసుకి సరిపోయేవి, భరిణెకి వదులయ్యేవి. కొన్ని మరీ పొడుగు. చివరికి ఒక పాత కొట్లో, దుమ్ము పట్టిన అట్టపెట్టెలో, కూరగాయలు తోలే చిన్న వ్యానుకి వేసే బూట్ల జత దొరికింది. గ్లాసుకీ సరిపోయింది, భరిణెకీ సరిపోయింది, బెత్తెడు పొడుగూ సరిపోయింది. టిఫిన్ క్యారేజీ ఖరీదుకి జతా చేతికొచ్చింది.

గంగరాజు కీళ్ళు కడిగి, కొత్త గ్రీజు దట్టించి, బూట్లు తొడిగి పట్టీలు బిగించాడు. "కీలు కూసింత అరిగినాది. కొన్నాళ్ళు నోరు మూసుకుంటాది, తరవాత మన అదురుష్టం," అన్నాడు. షెడ్డు ముందు మలుపు తిప్పితే కారు కిక్కురుమనలేదు. ఉపేంద్రకి ఆ మౌనం ఎంత నచ్చిందంటే, పని లేకపోయినా ఇంకో రెండు మలుపులు తిప్పాడు.

ఆదివారం పైకప్పు మడిచేసి బయల్దేరాడు. కొలతకి తెచ్చిన గ్లాసు పక్క సీటులోనే పడి ఉంది, తియ్యడం మర్చిపోయాడు. దారంతా మాటలు కూర్చుకుంటూ తనకి తనే చెప్పుకున్నాడు. తప్పు నాదే అను. పద కళింగపట్నం అను. ఒట్టి రా అను చాలు. పొద్దు వాలుతుండగా హైవే దిగి కాలనీ మలుపు తిరిగాడు. చప్పుడు లేదు.

గేటు దగ్గర అనూరాధ నిలబడి ఉంది.

కొంగు నడుముకి దోపుకుంది. చేతికి తాడు పీచు అంటుకుని ఉంది. సగం తెరిచిన గేటు పట్టుకుని తల వంచుకుంది. ఆమె దేన్నీ చూడటం లేదు, వింటోంది. కారు ఎదురుగా వచ్చి ఆగేదాకా ఆమెకి తెలియలేదు. తలెత్తి ఉలిక్కిపడింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది, కొంచెం చిక్కింది. ఉపేంద్ర కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడే పోయాయి.

"ఇదేటి బావా, సప్పుడు లేకుండా వచ్చినావు?"

"బూట్లు మార్చాను," అన్నాడు. ఇన్నాళ్ళకి భార్యతో ఆడిన మొదటి మాట అదీ.

"ఎవుడు మార్చమన్నాడు?" ఆమె గొంతులో నిజంగానే కోపం. గేటు వదిలేసింది. అది అతనికి బాగా తెలిసిన తీరులోనే ఊగింది.

ఉపేంద్ర ఆ గేటు వంక చూశాడు. ఇవాళ గాలి లేదు. కారు దిగి, మెల్లిగా అడిగాడు. "ఆ చప్పుడు వినపడగానే లోపలికి పోయేదానివా?"

"ఔను."

"నా మొహం చూడకూడదనా?"

"టీ పెట్టడానికి." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం కరుగ్గానే ఉంది. "నువ్వొచ్చి పోతన్నట్టు ముందు నాకు తెలీదు. ఆ కటకట మొదలయ్యాక ఓనాడు తొంగి సూస్తే నీ కారు. అప్పట్నుంచీ ఆదివారం ఇక్కడే నిలబడీదాన్ని. మలుపుకాడ ఇనపడితే లోపలికెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టీదాన్ని. రెండు గ్లాసులు తీసీదాన్ని. ఆపుతావేమో, దిగుతావేమోనని. నీళ్ళు మరిగీలోగా నువ్వెళ్ళిపోయీవాడివి."

అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని ఆదివారాలో లెక్కపెట్టే ధైర్యం కూడా లేకపోయింది.

"ఇయ్యాల సప్పుడు లేదు. పొద్దు పోయింది," అంది అనూరాధ. "ఆకరి రోజైనా రాడు గావాల అనుకున్నాను. సామాన్లతో పాటు రెండో గ్లాసు కూడా ఇప్పుడే మూట కట్టేసాను. ఒక్క గ్లాసే ఉన్నాది బయట."

ఉపేంద్ర కారు దగ్గరికెళ్ళి పక్క సీటులోంచి గ్లాసు తీశాడు. అంచు చుట్టూ నల్లగా గ్రీజు అంటుకుని ఉంది. చొక్కాతో తుడిస్తే అది గ్లాసుకీ పోలేదు, చొక్కానీ వదల్లేదు. రెండు చేతులతో పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నా దగ్గర ఒకటుంది," అన్నాడు.

ఆమె దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేటి బావా, దీని నిండా నలుపు?"

"కొలతకి తీసుకెళ్ళాను."

"సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆమె గ్లాసు కొంగుతో పట్టుకుని లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"తోముకొస్తాను. ముందు నువ్వా ఇంజను ఆపు బావా," అంది.

ఇంజను నడుస్తూనే ఉందని అప్పటిదాకా అతనికి తెలియనే తెలియదు. వెళ్ళి తాళం తిప్పాడు.