సాక్ష్యం మీద కూర్చున్న స్టేషన్

నేను ఒక బెంచీని. నాగులవలస వన్‌టౌన్ పోలీస్ స్టేషన్ వరండాలో ఉద్యోగం. జీతం లేదు, బదిలీ భయమూ లేదు.

నేను వచ్చిన కొత్తలో ఇక్కడున్నది ఒక పెంకుటింటి ఔట్‌పోస్టు, ఒక హెడ్డు, నలుగురు కానిస్టేబుళ్ళు, అందరికీ కలిపి ఒక సైకిలు. ఆ తర్వాత దొంగలు పెరిగారని పోలీసుల్ని పెంచారో, పోలీసులున్నారు కదా అని దొంగలే పెరిగారో గానీ, వన్‌టౌన్, టూటౌన్, ట్రాఫిక్, అందరి పైనా ఒక డీఎస్పీ ఆఫీసు వచ్చాయి. సీఐ వస్తే ఎస్సై లేస్తాడు. డీఎస్పీ వస్తే ఇద్దరూ లేస్తారు. ఎవరొచ్చినా లేవనిదాన్ని నేనొక్కదాన్నే.

నామీద కూర్చునేవాళ్ళలో దొంగలు మర్యాదస్తులు, జరిగి చోటిస్తారు. కష్టమంతా పరువుగల కుటుంబాలతోనే. పక్కింటి కొబ్బరిమట్ట తమ గోడమీద పడిందని ఫిర్యాదుకొచ్చిన పెద్దమనిషి, చేతిరుమాలు పరిచి నా చివర అరజానెడు చోటులో కూర్చుని, "మాది స్టేషన్ మెట్లెక్కే వంశం కాదండీ" అంటాడు. మూడోసారి వచ్చినప్పుడూ అదే అంటాడు.

అసలు నేను టేకు దుంగని. రోడ్డు పక్క సర్కారు చెట్టు కొట్టాడని పోలినాయుణ్ణి పట్టుకున్నప్పుడు నన్నూ సాక్ష్యంగా తెచ్చి పెరట్లో పడేశారు. కేసుకి వాయిదాలు పడుతున్నాయి, నాకు చెదలు పడుతున్నాయి. ఇంతలో ఎస్పీగారి తనిఖీ వచ్చింది. కూర్చోబెట్టడానికి ఏమీ లేదు. కుర్ర కానిస్టేబుల్ అప్పలసూరి వడ్రంగిని పిలిచి నన్ను బెంచీ చేయించేశాడు. ఎస్పీగారు కూర్చుని మెచ్చుకున్నారు కూడా.

అప్పలసూరి హెడ్ కానిస్టేబులై, నెలాఖరుకి రిటైరవుతాడనగా కోర్టు నుంచి కబురొచ్చింది: దుంగ హాజరుపరచండి. లేకపోతే సాక్ష్యం మాయం చేశాడని కేసు అప్పలసూరి మీదే.

"దుంగేదయ్యా?" ఎస్సై అరిచాడు.

"తమరు దానిమీదే కాలెట్టి బూటు తాడు కట్టుకుంతన్నారు సార్."

ఎస్సై కాలు తీసి, నన్ను ఒకసారి చూసి, రెండో బూటు నిలబడే కట్టుకున్నాడు.

నన్ను ట్రాలీ ఆటోలో కోర్టుకి తీసుకెళ్ళారు. తనను అరెస్టు చేస్తే యూనిఫాంకి అవమానమని అప్పలసూరి మఫ్టీలో వచ్చాడు. పోలినాయుడూ వచ్చాడు. ఇన్నేళ్ళూ వాయిదా వాయిదాకీ నామీద కూర్చుని అప్పలసూరితో టీ తాగిన మనిషి. ఇప్పుడతను "ఈ దుంగ కాదు" అంటే చాలు, అతను ఇంటికి, అప్పలసూరి జైలుకి.

మేజిస్ట్రేటమ్మ నన్ను చూసింది. "సాక్ష్యానికి నాలుగు కాళ్ళు మొలిచాయే! ఏమయ్యా, నువ్వు కొట్టిన దుంగ ఇదేనా?"

కాదనమని అతని ప్లీడరు కళ్ళతో సైగ చేశాడు. పోలినాయుడు అప్పలసూరి వైపు చూశాడు. అప్పలసూరి నేలవైపు చూస్తున్నాడు.

"నా దుంగేనమ్మా. ఈ ముడి నాకు తెల్దేటి? గొడ్డలి వంకరయిపోనాదప్పుడు."

"అంటే నేరం ఒప్పుకున్నట్టే!"

"ఒప్పేసుకుంతానమ్మా. రిటైరైపోతన్న మనిసి, ఆయన్నేటి ఇబ్బందెడతాం?"

ప్లీడరు ఫైలు మూసేశాడు. ముసలివాడు కదా అని కోర్టు లేచేదాకా కూర్చోవడమే శిక్షగా వేశారు. వేరే చోటు లేక నామీదే కూర్చున్నాడు. కాపలా పేరుతో అప్పలసూరీ పక్కన చేరాడు. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటూ ఒక పొట్లంలోంచే పల్లీలు తింటున్నారు.

"వీళ్ళలో శిక్ష పడిందెవరికి?" అని ఎవరో గుమాస్తా అడిగాడు.

బంట్రోతు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి నన్ను చూపించాడు.