కంటి కింది చీలిక

తీర్థన్ ఏటి ఒడ్డున ఉన్న ట్రౌట్ చేపల కేంద్రంలో చలికాలమంతా గుడ్లతోనే పని. తల్లి చేపల పొట్ట నిమిరి గుడ్లు తీస్తారు. వాటిని ట్రేలలో పరిచి, మీదుగా ఊటనీళ్ళు పారేలా పెడతారు. ఆ తర్వాత ఎవరూ వాటిని కదపకూడదు. ప్రతి గుడ్డులో రెండు నల్లని కంటిచుక్కలు కనిపించేదాకా పనివాళ్ళు అడుగు కూడా మెల్లిగా వేస్తారు. ఆ చుక్కలు తేలిన రోజున "గుడ్లు చూశాయి" అంటారు. చూసిన గుడ్డు గట్టిపడినట్టే. చెయ్యి తగిలినా బతుకుతుంది.

భగ్తి పెళ్ళికి ముందు నుంచీ అక్కడే పని చేస్తోంది. ఈ ఏడు మాత్రం బిడ్డను వీపున కట్టుకుని వచ్చింది. ఆ పసిదాని ఎడమ కంట్లో పాప గుండ్రంగా లేదు. కిందికి సాగి, తాళంచెవి కన్నంలా ఉంది.

వానాకాలంలో, భగ్తికి ఏడో నెల నడుస్తున్నప్పుడు, సూర్యగ్రహణం పట్టింది. మబ్బు కమ్మి ఉండటంతో ఆమెకు ఆ సంగతి తెలియలేదు. మగ్గం మీద పట్టూ అనే ఉన్ని శాలువా నేత పూర్తయితే కత్తి తీసుకుని పోగులు కోసింది. గ్రహణం పట్టిందని చెప్పడానికి వచ్చిన పక్కింటావిడ ఆ కత్తిని చూసింది. బిడ్డ పుట్టి కన్ను అలా ఉందని తెలిశాక ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

కుల్లూలో కంటి డాక్టరు బిడ్డ కళ్ళలోకి దీపం వేసి చూశాడు. పిల్ల చక్కగా చూస్తోందని, కడుపులో ఉండగా మూసుకోవలసిన చీలిక ఒకటి పూర్తిగా మూసుకోలేదని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పాడు. భగ్తి ఆయనకు కత్తి సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ చివరి మాట అనేవాడు కాడనుకుంది. బస్సు ఊరు చేరేలోపే ఆ ఊరట కాస్తా కరిగిపోయింది.

అత్త ఖిమీ చెడ్డ మనిషి కాదు. మనవరాలిని ఒళ్ళోంచి దించదు. అయితే దేవుడు పూనే గూర్ దగ్గరికి వెళ్ళి ఛిద్రం, అంటే తగిలిన దోషం, తీయించడానికి మాట పుచ్చుకుని వచ్చింది. దోషం తగిలిన వాళ్ళు దేవుడి ముంగిట నిలబడి, పదిమంది వినేలా తమ తప్పు చెప్పుకోవాలి. అప్పుడు దోషం దిగిపోతుందట. వచ్చే మంగళవారం భగ్తి అక్కడ నిలబడి, నా చేతులతో నేనే నా బిడ్డ కన్ను కోశాను అని చెప్పాలి. నలుగురిలో నిలబడటానికి ఆమె భయపడలేదు. ఒకసారి నోటితో అనేశాక ఆ మాట ఊళ్ళోనే ఉండిపోతుంది. బిడ్డ పెరిగి పెద్దయ్యాక ఏదో ఒక తగాదాలో ఎవరో ఒకరు దాని మొహం మీదే అంటారు. మీ అమ్మే నీ కన్ను కోసింది అని.

మంగళవారం ఇంకా రాకముందే కొత్త ట్రేలలోని గుడ్లు చూశాయి. కేంద్రం చూసుకునే ఉర్మిల్ మేడం నాలుగు గుడ్లను గాజుగిన్నెలో వేసి, పెద్ద భూతద్దం కింద పెట్టి, కళ్ళు సరిగా వచ్చాయో లేదో చూడమంది. ఎప్పుడూ భగ్తి ఆ చుక్కలున్నాయో లేదో చూసి లేచిపోయేది. ఆ రోజు కాస్త ఎక్కువసేపు చూసింది. నల్లని ఉంగరంలాంటి ఆ కంటికి కింది వైపున సన్నని చీలిక ఉంది. రెండో గుడ్డులోనూ ఉంది. మూడోదానిలో, నాలుగోదానిలో, మరో ట్రే నుంచి తెచ్చిన వాటిలో కూడా ఉంది.

వీపున ఉన్న బిడ్డను విప్పి గుండెలకు అదుముకుని గోడ దగ్గరికి జరిగింది.

"నన్ను పంపించెయ్యండి మేడం," అంది. "నా దోషం గుడ్లకు అంటింది. అన్నీ చీలిపోయాయి."

ఉర్మిల్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి, భగ్తి మొహం చూసి ఆపుకుంది. గ్రహణం గురించీ, కత్తి గురించీ, మంగళవారం గురించీ అంతా విన్నది. వెళ్ళి, అన్నిటికంటే ముందు పెట్టిన ట్రే నుంచి కొన్ని గుడ్లు తెచ్చి భూతద్దం కింద పెట్టింది. వాటిలో ఉంగరం కింద అంచులు రెండూ కలిసిపోయి ఉన్నాయి.

"వీటికీ మొన్నటిదాకా చీలిక ఉంది," అంది ఉర్మిల్. "కన్ను మొదట మెదడు నుంచి మొగ్గలా వస్తుంది. ఆ మొగ్గ లోపలికి నొక్కుకుని గిన్నెలా అవుతుంది. ఆ గిన్నెకు కింద ఒక సందు ఉంటుంది, లోపలికి నెత్తురు వెళ్ళడానికి. తర్వాత అంచులు కలుస్తాయి. చేపకైనా, కోడికైనా, నీకైనా, నాకైనా అంతే. చీలిక లేకుండా మొదలైన కన్నంటూ లేదు భగ్తీ."

"మరి మనుషులకు ఎప్పుడు కలుస్తుంది?"

"రెండో నెల పూర్తికాకముందే."

భగ్తి ఆలోచించింది. రెండో నెలలో తనకు కడుపని కూడా తెలియదు. కడుపులో తిప్పుతోందని, ఆవిరి రొట్టె సిడ్డూ సరిగా ఉడకలేదని అత్తతో పోట్లాడింది. మంచు ఇంకా కరగని రోజులవి. గ్రహణం వానల్లో పట్టింది. అప్పటికి కోయడానికి అక్కడ ఏముంది?

ఆమె కింద కూర్చుని ఏడ్చింది. ఉర్మిల్ బిడ్డను ఎత్తుకుంది.

మర్నాడు భగ్తి ఖిమీని వెంటబెట్టుకుని వచ్చింది. చేప గుడ్డులో చూసేదేముందని ఖిమీ దారి పొడుగునా సణిగింది. భూతద్దం మీదికి వంగాక సణుగుడు ఆగింది. ముందు చీలికలున్న వాటిని చూసింది, తర్వాత కలిసిన వాటిని. మళ్ళీ ముందువి అడిగి చూసింది. రెండో నెల సంగతి ఉర్మిల్ చేత రెండుసార్లు చెప్పించుకుంది. మరి నా మనవరాలికి ఎందుకు కలవలేదని అడిగింది. ఎందుకో తనకూ తెలియదని, ఒక్కొక్కరికి అలా కలవకుండా ఉండిపోతుందని ఉర్మిల్ ఒప్పుకుంది. ఆ జవాబు ఖిమీకి నచ్చింది. అన్నీ తెలిసినట్టు మాట్లాడే వాళ్ళను ఆమె నమ్మదు.

పాత ట్రేలోని గుడ్లను ఒక్కొక్కటే చూస్తూ ఖిమీ ఒక దాని దగ్గర ఆగింది.

"ఇదిగో, దీనికి కలవలేదు. దీన్ని తీసి పారేస్తారా?"

"ఎందుకు పారేస్తాం? చూడండి, లోపల ఎలా కదులుతోందో. దానికీ కనిపిస్తుంది. అన్నిటితోపాటే ఏట్లోకి వెళ్తుంది."

ఖిమీ చాలాసేపు ఆ గుడ్డునే చూసింది. తలెత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. భూతద్దం దీపం వెలుగు మరీ ఎక్కువగా ఉందని దాని మీద నెపం పెట్టింది.

తిరుగుదారిలో గూర్ ఇంటి దగ్గర భగ్తిని నిలబెట్టి తను ఒక్కతే లోపలికి వెళ్ళింది. లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి. బయటికి వచ్చాక శాలువా దులుపుకుంటూ, మంగళవారం పోవడం లేదని, మంచు కరిగాక బిడ్డను దేవుడికి చూపించడానికి మాత్రం వెళ్దామని చెప్పింది.

"గూర్ ఏమన్నాడు అత్తా?"

"ఏమంటాడు? తప్పేదీ లేనప్పుడు ఏం చెప్పుకోవాలో నువ్వే చెప్పు అన్నాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు." నాలుగడుగులు వేసి ఖిమీ మళ్ళీ అంది, "అయినా, నేత అయిపోయాక కొయ్యకుండా ఎన్నాళ్ళుంచుతారే? నేనైనా కోసేదాన్నే."

భగ్తికి నవ్వొచ్చింది. బిడ్డ పుట్టాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. వీపు మీద పిల్ల ఆ కుదుపుకు లేచి, వెనక్కి జారిపోతున్న దేవదారు చెట్లను రెండు కళ్ళతోనూ చూడసాగింది.