గాలి తీగ మీద నూనె

పోయిన ఆదివారం టేపు తెగింది. అందుకే ఈ ఆదివారం ఆమె తన కారులోనే, వెనక సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట, ముడుచుకుని పడుకుని ఉంది.

దొంగను పట్టడానికి ఆమె దగ్గరున్న ఉచ్చు అదొక్కటే. నెత్తురు తీశాక సూది గుచ్చిన చోట అంటించే తెల్లటి టేపు. బానెట్ అంచు మీద గోరంత ముక్క అంటించి, కారు సెల్లార్‌లోనే వదిలి, ఎప్పటిలాగే ఆదివారం ల్యాబు డ్యూటీకి బస్సులో వెళ్ళింది. తిరిగొచ్చి సెల్లార్‌లో టార్చి వేసి చూస్తే రెండు ముక్కలు. తాళం పగల్లేదు, అద్దం పగల్లేదు. ఎవరో దర్జాగా తాళంచెవితో తలుపు తీసి, బానెట్ ఎత్తి, పని చక్కబెట్టుకుని, బుద్ధిగా మూసి వెళ్ళిపోయారు.

రెండో తాళంచెవి ఎవరింట్లో ఉందో ఆమెకు తెలుసు. విడాకులు మంజూరైన రోజు కోర్టు మెట్ల మీద, "ఆ బండి నీ చేతిలో ఎన్నాళ్ళు నడుస్తుందో నేనూ చూస్తా" అన్నవాడి ఇంట్లో.

ఆ బండే ఆమెకు అన్నం పెడుతోంది. తెల్లారగానే ఇళ్ళకు వెళ్ళి నెత్తురు తీసి, ఐసు పెట్టెలో పెట్టి, పాడవక ముందే ల్యాబుకు చేర్చాలి. కొన్నాళ్ళుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కారు ఆయాసపడి, వణికి, ఆరిపోతోంది. మొన్నీమధ్య నడిరోడ్డు మీద మొరాయించింది. నమూనాలన్నీ పనికిరాకుండా పోయాయి. మంచం పట్టిన ఒక ముసలావిడ చేతిని మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది. "మళ్ళీ నరం దొరుకుతుందంటావా తల్లీ?" అని నవ్విందావిడ. ల్యాబు మేనేజరు నవ్వలేదు. "ఇంకొక్కసారి ఆగిందంటే మీ రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అన్నాడు.

ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పొద్దంతా ఎందరి చేతులో పట్టుకుంటుంది. "పిడికిలి బిగించండి", "ఇక వదలండి." రోజు మొత్తమ్మీద ఆమె మాట్లాడేది ఈ రెండు మాటలే. సాయంత్రం తలుపు తీశాక అవీ ఉండవు.

వీధి చివర మెకానిక్‌ని అందరూ బోల్టు బాబాయ్ అంటారు. టేపు అంటించడానికి ముందు ఒకరోజు ఆయన బానెట్ ఎత్తి చూసి పెద్దగా నవ్వాడు.

"గాలి ఫిల్టరుకి తలంటు పోశారెవరో! ఇది కాగితం ఫిల్టరమ్మా, పొడిగా ఉండాలి. దీని నూనె పోయి ఇదిగో, ఈ సెన్సారు మీద పేరుకుంది. ఇంజను ఎంత గాలి పీలుస్తోందో దీంట్లో వెంట్రుకంత తీగ చెప్పాలి. ముక్కు మూసుకుపోతే ఏం చెబుతుంది?"

"దానంతటదే అలా అవుతుందా బాబాయ్?"

"నూనె దానంతటదే నడిచొస్తుందా? పోస్తున్నారు. పోసేవాడు పనిమంతుడే, ఒక్క క్లిప్పు విరగలేదు. ముందు వాణ్ణి పట్టుకో. లేకపోతే నువ్వు కడుగుతుంటావు, వాడు పోస్తుంటాడు." ఒక కొత్త ఫిల్టరు, సెన్సారు కడిగే స్ప్రే డబ్బా చేతిలో పెట్టి, ఎలా కడగాలో చెప్పాడు. చివరగా హెచ్చరికగా వేలు చూపించాడు. "నీకు దూదీ స్పిరిటూ అలవాటు. అది సూది గుచ్చే చెయ్యి కాదు. దూది తగిలిందా, తీగ పుటుక్కుమంటుంది."

ఇప్పుడా డబ్బా ఆమె పక్కనే ఉంది. ఫోన్లో కెమెరా సిద్ధంగా ఉంది. ఒక్క ఫొటో చాలు. అది పట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్తుంది.

అడుగుల చప్పుడు. తాళం క్లిక్కుమంది. తలుపు తెరుచుకుంది. మోకాలి నొప్పికి చిన్న మూలుగు, దాని వెంటే దగ్గు.

ఆ దగ్గు ఆమెకు తెలుసు. కాపురం చేసినన్నాళ్ళూ తెల్లవారుజామున పక్క గదిలోంచి విన్న దగ్గు.

"మామయ్యా!"

పెద్దాయన ఉలిక్కిపడేసరికి తల కారు కప్పుకు కొట్టుకుంది. "అమ్మాయీ! డ్యూటీకి పోలేదా నువ్వు?" తప్పంతా ఆమెదే అన్నట్టు అడిగాడు. చేతిలో చిన్న నూనె సీసా, మడిచిన గుడ్డ.

"మీ అబ్బాయి పంపాడా?"

"వాడా? వాడికి బానెట్ ముందుంటుందో వెనకుంటుందో కూడా తెలీదు. నేనిలా వస్తున్నానని వాడికి చెప్పకు."

వాచ్‌మన్ దూరం నుంచి చెయ్యి ఊపాడు. "మేడమ్! మీ నాన్నగారు ప్రతి ఆదివారం వస్తున్నారు, మీరే ఉండటం లేదు!"

స్ప్రే కొట్టాలంటే గాలాడాలి. ఆమె కారును సెల్లార్ లోంచి గేటు పక్కన ఆరుబయటికి తీసుకొచ్చి ఆపింది. ఇంజను చల్లారేదాకా ఇద్దరూ పిట్టగోడ మీద కూర్చున్నారు.

"నీ ముందుకొచ్చి పలకరించడానికి నాకు మొహం చెల్లలేదు" అన్నాడాయన. "బండినైనా పలకరించి పోదామని వస్తున్నా. గాలి చూస్తా, నీళ్ళు పోస్తా, ఫిల్టరుకి నాలుగు చుక్కల నూనె పట్టిస్తా. నేను మెకానిక్కుగా ఉన్నన్నాళ్ళూ డిపోలో మా బస్సులన్నిటికీ నూనె ఫిల్టర్లే. తడి లేకపోతే దుమ్మును ఎవడు పడతాడు? ఆడపిల్లవి, ఒంటరిగా పోతుంటావు. బండి దారిలో ఆగకూడదు కదా."

చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ తెల్లారితే సోమవారం. ఐసు పెట్టె. ముసలావిడ చెయ్యి.

"మామయ్యా, బండి ఆగుతున్నది ఆ నూనె వల్లే."

ఆయన ఆమెను చూశాడు. తర్వాత చేతిలో సీసాను చూసుకున్నాడు. మూత బిగించి ఉన్నా మళ్ళీ బిగించాడు.

ఇంజను మీద చెయ్యి ఆనించి చూసింది ఆమె. చల్లబడింది. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పింది. ఫిల్టరు పెట్టె వెనకాల గొట్టంలో ఉన్న సెన్సారు ప్లగ్గు క్లిప్పు నొక్కి, తీగ పట్టి కాకుండా ప్లగ్గు పట్టి లాగింది. రెండు స్క్రూలు రావడం లేదు. పెద్దాయన స్క్రూడ్రైవర్ అందుకుని, అరచేత్తో అదిమిపెట్టి తిప్పాడు. వచ్చాయి. సెన్సారు వేలెడంత ఉంది. లోపలి తీగ నల్లగా, జిగటగా ఉంది. ఆయన అలవాటుగా గుడ్డ కొస తిప్పి దాని మీదికి పోనిచ్చాడు.

"ముట్టుకోకండి!"

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. డిపోలో ఆయన్ని అలా కసిరినవాళ్ళు ఉండి ఉండరు.

ఆమె డబ్బాను జానెడు దూరంలో పట్టి, కొద్దికొద్దిగా, ఆగి ఆగి స్ప్రే కొట్టింది. నల్లటి చుక్కలు నేల మీద రాలాయి. చుక్క తేటగా పడేదాకా కొట్టింది. ఊదలేదు, తుడవలేదు. శుభ్రమైన కాగితం మీద పెట్టింది. ఈలోపు ఫిల్టరు పెట్టె తుడిచి కొత్త ఫిల్టరు పొడిపొడిగా అమర్చింది.

"ఇక పెట్టెయ్యచ్చా?"

"బాగా ఆరాలి మామయ్యా. తడిమీద కరెంటిస్తే కాలిపోతుందట."

ఆరేదాకా మళ్ళీ పిట్టగోడే.

అన్నీ బిగించి తాళం తిప్పితే ఇంజను మెత్తగా అందుకుంది. వణుకు లేదు, ఆయాసం లేదు. పెద్దాయన తల ఒక పక్కకు వంచి విన్నాడు. తర్వాత జేబులోంచి రెండో తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు.

"మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఇక నీ బండి జోలికి రానులే అమ్మాయీ."

ఆపమని ఆమె నోరు తెరిచేలోగా ఆయన గేటు దాటేశాడు.

కారు ఇక ఆగలేదు. మేనేజరు రూటు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ముసలావిడ నరం మొదటి పోటుకే దొరికింది. ఆమె మాత్రం ప్రతి శనివారం సాయంత్రం బానెట్ అంచు మీద గోరంత టేపు ముక్క అంటిస్తూనే ఉంది. ఆదివారం డ్యూటీ నుంచి వచ్చి టార్చి వేసి చూస్తుంది. తెగదు. తాళంచెవి లేనివాడు ఎలా తెంపుతాడు? ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా చూస్తుంది.

ఆయన ఇంటికి వెళ్ళలేదు. అది ఆయన కొడుకు ఇల్లు.

ఒక సాయంత్రం కారులో కూర్చుని ఫోన్ చేసింది.

"ఎవరూ?" అని, ఆమె గొంతు వినగానే తన గొంతు తగ్గించాడు. "ఫోన్ పెట్టెయ్యకు, బాల్కనీలోకొస్తున్నా." తలుపు కిర్రుమంది. "చెప్పమ్మా."

"బండిలో ఏదో చప్పుడొస్తోంది మామయ్యా."

"ఎలాంటి చప్పుడు?"

ఆమె ఆలోచించుకుని రాలేదు. "టకటకమని."

"ఇంజను ఆన్ చేసి, ఫోను బానెట్ దగ్గర పెట్టు."

పెట్టింది. ఇంజను నిద్రలో ఉన్న పిల్లాడిలా ఊపిరి తీసుకుంటోంది. ఎంతసేపు పెట్టిందో, మళ్ళీ చెవికి ఆనించుకునేసరికి అవతల ఇంకా నిశ్శబ్దంగానే ఉంది. పట్టుబడిపోయాననుకుంది.

పెద్దాయన దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"అది ఫోన్లో వినబడే చప్పుడు కాదమ్మాయీ. దగ్గరకొచ్చి చూడాలి. ఆదివారం వస్తా. కానీ నా దగ్గర తాళంచెవి లేదే?"

"తాళంచెవి ఎందుకు మామయ్యా" అందామె. "ఆదివారం డ్యూటీ మార్చుకుంటాను. ఇంట్లోనే ఉంటాను."