తోమకండమ్మా

ఇంట్లో ఇత్తడి నల్లబడితే అత్తగారు ఊరుకోదు. కొట్లో ఇత్తడి మెరిస్తే మొగుడు ఊరుకోడు. ఉన్నది ఒక్క మనిషి, అవే రెండు చేతులు. పొద్దున్నే పెరట్లో చతికిలబడి చింతపండు పెట్టి చెంబులు తళతళలాడేలా తోమాలి. మధ్యాహ్నం కొట్లో పొడిగుడ్డ పట్టుకుని, నలుపు కదలకుండా, పసిబిడ్డకు ఒళ్ళు తుడిచినట్టు దుమ్ము మాత్రం తుడవాలి. పెళ్ళయిన నాటినుంచీ ఈశ్వరి బతుకు ఈ రెండు పనుల మధ్యే తెల్లారుతోంది.

కొట్టు విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో ఒక సందులో ఉంది. ‘తిరుమలరావు అండ్ సన్స్, పాత వస్తువులు కొనబడును, అమ్మబడును’ అని బోర్డు. ఆ సన్స్ ఎవరో ఈనాటికీ ఎవరికీ తెలీదు. ఈశ్వరి కడుపుతో ఉండగా ముందుచూపుతో రాయించాడు తిరుమలరావు. పుట్టింది రేఖ. ఆ తర్వాత మరి పిల్లలు లేరు. రేఖ చదువు ముగించి విశాఖపట్నంలో ఉద్యోగంలో కుదురుకుంది గానీ బోర్డు మీది కొడుకులు మాత్రం కదల్లేదు. ఎండకు వెలిసిపోయినప్పుడల్లా వాళ్ళకు కొత్త రంగు కూడా వేయిస్తున్నాడు తండ్రి.

కొట్లో దొరకనిది లేదు. గంగాళాలు, కావడిపెట్టెలు, తీగలు తెగిన వీణలు, చెక్కడం పని ఉన్న ద్వారబంధాలు, మరచెంబులు, దీపపు కుందులు. బొబ్బిలి, గజపతినగరం, కొత్తవలస వైపు పాత ఇళ్ళ నుంచి వస్తాయి, హోటళ్ళకీ రిసార్టులకీ పోతాయి. అమ్మేది ఎప్పుడూ కొడుకులే. అమ్ముడుపోయేవి ఎప్పుడూ తల్లుల సామాన్లే. ఈ సంగతి గమనించడానికి ఈశ్వరికి ఎక్కువ కాలం పట్టలేదు. గమనించి చేసేదేముందని నోరు మూసుకుంది.

మన ఆడవాళ్ళకో అలవాటుంది. ఇంటికి ఎవరో వస్తున్నారంటే చాలు, ముందురోజే కూర్చుని ఇత్తడంతా తోమేస్తారు. మసి మొహం చూపిస్తే ఇల్లాలికి అప్రదిష్ట కదా. పాత సామాను కొనేవాడు వస్తున్నా అంతే. అలా తోమిన సామాన్ని తిరుమలరావు ముట్టడు. నల్లగా ఉంటేనే పాతదని కొనేవాళ్ళ నమ్మకం. కొనేవాళ్ళ నమ్మకమే అతని నమ్మకం. మెరుస్తున్న వస్తువు కనబడితే తూకానికి కొనేవాడెవడికైనా ఇచ్చుకోండని చెప్పి బండెక్కేస్తాడు.

అందుకని అతను రేపు ఏ ఇంటికి వెళ్తాడంటే ఆ ఇంటికి ఈ రోజే ఫోన్ చెయ్యడం ఈశ్వరి పని. ఆడగొంతు వింటే ఆడవాళ్ళు నమ్ముతారని అతని లెక్క. అమ్మగారూ బాగున్నారా అని మొదలుపెట్టి, పిల్లల్నీ మోకాళ్ళ నొప్పుల్నీ పలకరించి, చివర్లో మెత్తగా అనాలి. “ఏమీ తోమకండమ్మా. ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.” ఎన్ని ఇళ్ళు ఆ మాటతో కొట్లోకి వచ్చాయో చెప్పలేం. ఎవరైనా మీ ఆవిడేం చేస్తుందని అడిగితే మాత్రం తిరుమలరావు తడుముకోకుండా చెప్తాడు. “ఏటి సేస్తాది, ఇంట్లోనే ఉంటాది.”

తోమకూడదన్న పాఠం ఆమె నేర్చుకున్న తీరు ఊరంతా ఎరిగిందే. కాపరానికొచ్చిన కొత్తలో ఎక్కడినుంచో ఓ బస్తాడు దీపాలు దిగాయి. మొగుడికి సాయంగా ఉంటుందని ఆ పిల్ల పొద్దుటినుంచి కూర్చుని అన్నీ తోమేసింది. వేళ్ళ చర్మం లేచిపోయింది. వరసగా అరుగు మీద ఎండబెట్టి, మెచ్చుకుంటాడని గుమ్మంలో నిలబడింది. తిరుమలరావు, దీపాలు కొనడానికొచ్చిన హైదరాబాదు ఆసామిని వెంటబెట్టుకుని వచ్చాడు. “ఒసే, ఏటి సేసినావే ఇది,” అన్నాడు. ఆ ఆసామి ముందే ఇంకా చాలా అన్నాడు. ఆ మాటల్ని కాలం మింగేసింది గానీ ఒక్కటి మిగిలిపోయింది. “మా ఆవిడ ఒక్క పూటలో రెండొందల ఏళ్ళు తోమీసినాది.”

ఆ రోజు తిట్టు, మరునాటికి హాస్యమైంది. కొట్లోకి పెద్ద బేరం వచ్చినప్పుడల్లా టీ తెమ్మంటాడు, టీ వచ్చేలోపు ఆ కథ మొదలెడతాడు, రెండొందల ఏళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఆమె గ్లాసులతో లోపలికి వస్తుంది. అందరూ ఆమె మొహం చూసి నవ్వుతారు. ఆమె కూడా నవ్వాలి. నవ్వకపోతే, చూశారా, ఇంకా కోపమే అంటాడు. ఆ కథ అమ్మకానికి బాగా పనికొస్తుందని ఆమెకు తెలుసు. దానికి కమీషను లేదు.

ఆ అవమానంలోంచి ఈశ్వరి ఒక్క లాభం తీసుకుంది. మెరిసే వస్తువు ఆ మనిషి కంటికి ఆనదని తెలుసుకుంది. ఆమదాలవలస నుంచి కాపరానికి వచ్చేటప్పుడు తల్లి తాయారు చీరల మధ్య చుట్టి ఒక జత కుందులు ఇచ్చింది. అవి ఆవిడకు వాళ్ళమ్మ ఇచ్చినవి. ఒక్కోదాని అంచున నాలుగు చిలకలు నూనె తాగడానికి వంగినట్టు ఉంటాయి. ఈశ్వరి వాటిని శుక్రవారం శుక్రవారం తోమింది. జ్వరమొచ్చినా తోమింది, పురుడొచ్చిన ఏడు చంకలో పిల్లతో తోమింది. తోమగా తోమగా చిలకల ముక్కులు అరిగిపోయాయి. అరిగితే అరిగాయి, ఇంట్లో ఉన్నాయి. తిరుమలరావు రోజూ వాటి ముందే నిలబడి దండం పెట్టుకునేవాడు. పాతవాటి కోసం జిల్లాలన్నీ గాలించే మనిషి తన ముక్కు కింద ఉన్నవాటిని ఒక్కనాడూ చూడలేదు.

ఈ ఏడు వానాకాలంలో ఆమెకు గర్భసంచి తీసేశారు. సరిగ్గా బేరాల రోజులు చూసుకునే పెట్టుకున్నావు అన్నాడు తిరుమలరావు ఆసుపత్రి మంచం పక్కన. రెండు నెలలు బరువులు ఎత్తకూడదన్నారని చెల్లెలు యమున ఆమదాలవలస తీసుకుపోయింది. అక్కడికీ ఫోన్లు ఆగలేదు. నోటికి కుట్లు వెయ్యలేదు కదా అని నవ్వుతూనే నంబర్లు పంపేవాడు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నొప్పి గొంతులో వినబడకుండా, ఏమీ తోమకండమ్మా అనేది.

తిరిగొచ్చిన రోజు కాళ్ళు కడుక్కుని దేవుడి గూటి దగ్గరికి వెళ్ళింది. రేకులాంటి కొత్త కుందులు రెండు వెలుగుతున్నాయి. వాటి కింద రాతి మీద పెద్ద నూనె మరకలు రెండు, గుండ్రంగా. ఈ కొత్తవి ఆ గుండ్రాల్లో సగం కూడా కప్పడం లేదు.

అత్తగారు లక్ష్మణమ్మ వెనకనుంచే అంది. “నువ్వు నేకపోతే అన్నీ నల్లబడిపోనాయి. దీపమైతే ఎట్టినాను గానీ తోమడానికి నా సేతుల్లో సత్తువేదే? ఆ జిడ్డు మీద ఆడి కన్ను పడ్డాది. పట్టుకెల్లిపోనాడు.”

తిరుమలరావు ఏమీ దాచలేదు. దాచాల్సిన పని చేశానని అతనికి తోచలేదు. భీమిలి దారిలో కొత్త హోటలుకు ఇచ్చానని, ఫోన్ తీసి ఫొటో చూపించాడు. కుందులు గాజుపెట్టెలో ఉన్నాయి. వాటిలో నూనె లేదు, వత్తి లేదు. దీపాలకు పైనుంచి కరెంటు దీపం వేశారు.

“సూడు, ఇన్నేళ్ళు మనింట్లోనే ఉండి నా కంట పడనేదు,” అన్నాడు.

“అవి మాయమ్మవి.”

“మీయమ్మవైతే ఏటి? ఇంట్లోకొచ్చినాక ఇంటివే. కొత్తవి ఎట్టినాను కదా, తోమడానికీ సులువు.”

అతను నిజంగానే ఆమెకు పని తగ్గించాననుకుంటున్నాడు. అది అర్థమయ్యాక ఈశ్వరికి ఏడుపు కూడా రాలేదు. అసహ్యం వేసింది. అతని మీద కొంత, తన మీద కొంత. ఇన్ని ఇళ్ళలో ఎన్ని గూళ్ళ కింద ఇలాంటి మరకలు మిగిలాయో, అన్నిటికీ ముందు వినబడిన మెత్తటి గొంతు తనదే. తన కుందుల్ని చింతపండుతో కాచుకుంటూ, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తోమవద్దని చెప్పింది.

మర్నాడు కొట్లోకి బేరం వచ్చింది. టీ ఇచ్చి గ్లాసుల కోసం నిలబడితే తిరుమలరావు ఆమె చేతికి ఒక నంబరు ఇచ్చాడు. గజపతినగరంలో ఉదయభాస్కర్ అనే ఆయన తల్లి. ఇల్లు బాగుచేయిస్తూ పాతవన్నీ తీసేస్తున్నారట. రేపు పొద్దున్నే వెళ్ళాలి. ఈశ్వరి ఫోన్ పట్టుకుని బయటి మెట్టు మీదికి వచ్చింది.

అవతల జ్ఞానాంబ. పిల్లలకు సంగీతం చెప్పిన గొంతు, వయసొచ్చినా తిన్నగా ఉంది. “మా అబ్బాయి చెప్పాడమ్మా. ఏవి ఇవ్వాలో వాడే ఏరి బయట పెట్టాడు. అందులో నా కుందులు కూడా పెట్టాడు. రోజూ దీపం పెట్టుకునేవి. ఒక్క మాట అడగలేదు నన్ను.” తర్వాత ఏ ఇల్లాలైనా అడిగేదే అడిగింది. “అన్నీ నల్లగా ఉన్నాయి. మీవాళ్ళు వచ్చేలోగా ఏమైనా చెయ్యాలా?”

లోపల కథ ఈసారి ఆమె లేకుండానే రెండొందల ఏళ్ళ దగ్గరకు వచ్చినట్టుంది, నవ్వులు వినబడుతున్నాయి. తిరుమలరావు గ్లాసులు తియ్యమని కేకేశాడు. ఈశ్వరి వెనక్కి తిరగలేదు.

“ఇంట్లో చింతపండు ఉందా అమ్మగారూ?” అంది.

“ఉందమ్మా.”

“ఇప్పుడే నానబెట్టండి. కుందుల్తోనే మొదలెట్టి అన్నీ తోమీయండి. రేపు మాయన వచ్చేసరికి ఎక్కడా ఒక్క చుక్క నలుపు ఉండకూడదు.”