పెంకులేని గింజ

“ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఆ గింజలు కాస్త కడిగెయ్” అన్నారు మా ఆయన. కాస్త అంటే నాలుగు తొట్లు. మేం గుమ్మడి వేసేది కాయ కోసం కాదు, గింజ కోసం. మా గింజకు పెంకు ఉండదు. ముదురాకుపచ్చగా ఉంటుంది, అలాగే నోట్లో వేసుకోవచ్చు, ఆడిస్తే చిక్కటి నూనె దిగుతుంది. గుజ్జంతా పశువులకు పోతుంది. ఆ జిగురులో మోచేతుల దాకా ముంచి గింజలు పిసికి, కడిగి, ఆరబోసేది నేను. ఖాళీగా ఉండటమంటే ఇదన్నమాట.

విత్తనానికి కాయలు ఏరే పని మాత్రం ఆయనదే. ఈ ఇంటి మగవాళ్ళు కుప్పలోకెల్లా పెద్ద కాయ చూసి, తట్టి, పక్కన పెడతారు. “మావాడి కన్నే కన్ను” అని అత్తగారు మురిసిపోతారు. కానీ పక్క చేలో కూర గుమ్మడి ఉంది. తేనెటీగలకు గట్లు తెలియవు. అక్కడి పుప్పొడి పడ్డ కాయలో గింజ ఆ ఏడు బాగానే కనిపిస్తుంది, అది నాటితే మరుసటి ఏడు అన్నీ పెంకు గింజలే. మొదట్లో ఆ సంగతి చెప్పబోతే, “నువ్వు నాకు సేద్యం నేర్పుతావా?” అన్నారు ఆయన.

నేర్పలేదు. పూత కాలంలో సాయంత్రమే విచ్చబోయే మొగ్గలకు దారం కట్టి, తెల్లవారగానే మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు అద్ది, మళ్ళీ మూతి కట్టేసేదాన్ని. “ఈ వయసులో పూలతో ఆటలేమిటే!” అని అత్తగారి వేళాకోళం. ఆ కాయల గింజలు వేరే డబ్బాలో దాచి, నాటే ముందు ఆయన డబ్బాలోవి తీసేసి నావి పోసేదాన్ని. అలా ఆరేళ్ళూ పంట బంగారంలా పండింది, ఆయన కన్నుకు పేరొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ పేరుకు నేనూ చాటుగా సంతోషించాను, ఇంట్లో గొడవ లేదు కదా అని.

ఇవాళ నూనె మిల్లు యజమాని వచ్చారు. కొత్తగా గుమ్మడి వేయబోతున్న ముప్పై కుటుంబాలను ఎల్లుండి మిల్లుకు పిలిచారట. “విత్తనం ఎలా ఎంచుకోవాలో మీరే వచ్చి చెప్పాలండీ” అన్నారు మా ఆయనతో.

ఈయన కాలు మీద కాలేసుకుని, “ఏముందండీ, పెద్ద కాయ చూసి ఉంచుకోవడమే” అన్నారు.

ముప్పై ఇళ్ళు. ఆ మాట నమ్మి నాటుకుంటూ పోతే, ముప్పై ఇళ్ళ ఆడవాళ్ళు ఎందుకూ కొరగాని పెంకు గింజలు కడుక్కుంటూ కూర్చోవాలి. నాకు ఒళ్ళు మండింది. జిగురు చేతులతోనే లోపలికి వెళ్ళి, ఈ ఏడాది ఆయన ఎంచిన గింజల డబ్బా, నేను దాచిన గింజల డబ్బా తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. ఆరేళ్ళుగా జరిగిందంతా చెప్పాను.

“అయితే ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్న విత్తనం మీదా అమ్మా!” అన్నారు యజమాని.

“ముందే చెప్పొచ్చుగా” అన్నారు మా ఆయన, గోడకేసి చూస్తూ.

“చెబితే మీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. నా మనసు సంగతి మీరూ అడగలేదు, నేనూ అడగలేదు.”

యజమాని వైపు తిరిగి, “ఎల్లుండి నేనొస్తానండీ, నేనే చెబుతాను” అన్నాను. తర్వాత మా ఆయనతో అన్నాను:

“మీరూ రండి. నేర్చుకునేవాళ్ళకి ముందు వరుసలో కుర్చీలు వేస్తారు.”