రెండోది కారుతోంది

బల్ల తుడుస్తుంటే వేలికి జిగురు తగిలింది.

రోజూ పొద్దున్నే పాత లుంగీ గుడ్డతో టెస్టింగ్ బల్ల తుడవడం నా పనే. షాపు ఊడవడం, గుమ్మంలో నీళ్ళు చల్లడం, ఆయన కుర్చీ దులపడం, రిపేరుకొచ్చిన కంప్యూటర్లు విప్పడం, బాగుచెయ్యడం, మళ్ళీ బిగించడం, మా ఇంట్లో ఇవన్నీ ఒకే కోవలోకి వస్తాయి. "మా కోడలు షాపులో కాస్త సాయంగా ఉంటుందండి" అంటారు మా అత్తయ్య లలితాంబగారు, వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇస్తూ. సాయమట, నా మొహం! ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది నేను. మా ఆయన పాండురంగారావుగారు బీకాం. తెనాలి గంగానమ్మపేటలో షాపు ముందుగది ఆయనది, కుర్చీ ఆయనది, కార్డు మీద పేరు ఆయనది. వెనకగదీ, స్క్రూడ్రైవర్లూ, దుమ్మూ నావి.

వేలు వాసన చూశాను. తియ్యగా ఉంది. నీళ్ళయితే ఈ మే నెల వేడికి ఎప్పుడో ఆరిపోయుండేవి. తలెత్తి చూస్తే పైన, కంప్యూటర్‌కి బిగించిన రెండో రకం కూలర్. అప్పుడు నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఏంటో చెప్తే మీరు నవ్వుతారు. ఇది కారుతోంది అని కాదు. ఆయన చూశాడా అని. గుమ్మం వైపు చూశాను, గబగబా తుడిచేశాను, ఆ గుడ్డ తీసుకెళ్ళి బకెట్లో ముంచేశాను. ఏదో దొంగతనం చేసినదాన్లా. ఎవరో చేసిన వస్తువు కారితే నేనెందుకు భయపడాలి? అది అప్పుడు అడగలేదు. ఆ రోజంతా నోరు మూసుకుని ఉన్నాను. ఒక రోజంతా. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసలీ కూలర్ల గొడవ బాపట్ల నుంచి వచ్చింది. అక్కడ రాజారత్నంగారని, పిల్లలకి వీడియో ఎడిటింగ్ నేర్పే సంస్థ నడుపుతారు. ఇరవై కంప్యూటర్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నానికి ప్రాసెసర్లు కాగిపోయి ఒక్కొక్కటే ఆగిపోతాయి. సూర్యలంక నుంచి వచ్చే ఉప్పుగాలికి ఫ్యాన్లు రెండేళ్ళు కూడా నిలవవు. ఈ ఏడాది కొత్తగా నీళ్ళతో చల్లబరిచేవి వచ్చాయని ఆయన ఏదో పత్రికలో చదివారట. పంపు, గొట్టాలు, రేడియేటర్, లోపల ద్రవం, అన్నీ ఫ్యాక్టరీలోనే కలిపి సీలు చేసి పంపిస్తారు. మనం నీళ్ళు పొయ్యక్కర్లేదు, ప్రాసెసర్ మీద బిగించడమే. విజయవాడ డీలర్ మూడు రకాలు పంపాడు, రెండో రకం మాత్రం రెండు పంపాడు. ఏది మంచిదో తేల్చి రిపోర్టు ఇస్తే ఇరవై ఆర్డరు మనదే. "కరెంటు డబ్బాలో నీళ్ళేంటే తల్లీ!" అని అత్తయ్య గుండెల మీద చెయ్యేసుకున్నారు. పదేళ్ళలో ఆవిడ మాటా నా మాటా కలిసింది ఆ ఒక్కసారే.

మా ఆయన టెస్టు పద్ధతి ఏంటంటే, క్యాబినెట్ మూత తీసి, బల్ల మీద పడుకోబెట్టి, సీలింగ్ ఫ్యాన్ కింద గంటసేపు నడిపించడం. "అలా ఎవరు వాడతారండీ?" అన్నాను. మన ఊళ్ళల్లో కంప్యూటర్‌కి ప్లాస్టిక్ కవరు కుట్టించని ఇల్లుందా? దుమ్ము పడుతుందని నడుస్తున్నప్పుడు కూడా కవరు తియ్యరు, మానిటర్ దగ్గర మాత్రం కాస్త పైకి మడుస్తారు. ఆ కవరు కుట్టేదీ ఉతికేదీ మేమే, నాకు తెలీదూ? అందుకని మూత బిగించి, నిలబెట్టి, కవరు వేసి, ఆరు గంటలపాటు వీడియో పని పెట్టి నడుపుతానన్నాను. "ఆడబుద్ధి" అని నవ్వాడు. ఎలాగూ కూర్చునేది నేనే కాబట్టి సరేనన్నాడు. అన్నం వార్చి వచ్చి ఒకసారి, కూర తిరగేసి వచ్చి ఒకసారి, మా అమ్మాయి హరిత పాత నోటుబుక్కులో వేడి ఎంతో రాసుకున్నాను. మామూలు ఫ్యాను మీద డెబ్భై తొమ్మిది డిగ్రీలు. మొదటి కూలర్ మీద అరవై ఏడు. మూడోది అరవై నాలుగు, కాని పంపు గురక పెడుతుంది. రెండోది యాభై ఎనిమిది!

ఆ యాభై ఎనిమిది విన్నాక ఆయన ఇంకేం వినలేదు. "ఇంకో వారం నడపాలండీ" అంటున్నా, మర్నాడే మిగిలిన రెండో రకం పట్టుకెళ్ళి రేపల్లెలో ముబీనా కంప్యూటర్‌కి బిగించి వచ్చాడు. ముబీనా ఇంట్లోనే పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. వాళ్ళాయన వాసిం కెమెరా పట్టుకుని ఊళ్ళ మీద ఉంటాడు, ఈ పిల్ల చంటిదాన్ని పక్కనేసుకుని పొద్దస్తమానం ఆ డబ్బా ముందే. దేనికైనా "అక్కా" అని నాకే ఫోన్ చేస్తుంది. కొనడానికి ముందు కూడా చేసింది, అప్పటికింకా బల్ల మీద జిగురు కనపడలేదు. "నీళ్ళంటున్నారు, భయంగా ఉందక్కా, పెట్టించుకోనా?" అంది. ఆయన ఎదురుగా నిలబడి కళ్ళతోనే చెప్పమన్నాడు. "మంచిదేనమ్మా, పెట్టించుకో" అన్నాను. ఆయన మాట నమ్మి కాదు, నా మాట నమ్మి పెట్టించుకుంది ఆ పిల్ల.

రెండోరోజు పొద్దున బల్ల మీద మళ్ళీ అదే జిగురు. ఈసారి నాలుగు చుక్కలు. గొట్టం పంపులోకి దిగే చోట కాగితం పెట్టి చూశాను, తడిసింది. ఇక చెప్పక తప్పలేదు. ఆయన టిఫిన్ చేస్తున్నాడు. ఇడ్లీ ముక్క చట్నీలో అద్దుతూ, "చెమట పట్టింది, అంతే. చల్లనీళ్ళ గ్లాసుకి పట్టదూ?" అన్నాడు.

"చల్లగా ఉంటే పడుతుందండీ. ఆ గొట్టం గదిలో గాలికంటే వేడిగా ఉంది. వేడి గ్లాసుకి బయట చెమట పట్టదుగా."

"నాకు పాఠం చెప్తున్నావా?"

గొంతు తగ్గించి అన్నాడు. అరిచే మగవాళ్ళున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా భయపడతారో నాకు తెలీదు. మా ఆయన అరవడు. గొంతు తగ్గిస్తాడు. తగ్గిందంటే నాకు భయం. "కవరు వేసుకుని నడిపితే వాళ్ళ తప్పు. మనకేం సంబంధం? తుడిచెయ్" అన్నాడు. మూడేళ్ళ కిందట ఒకసారి నిజం చెప్పాను. ఒక పెద్దాయన "ఈ బోర్డు కొత్తదేనా అమ్మా?" అని నన్నడిగితే, "కాదండి, బాగుచేసింది" అనేశాను. ఆ పెద్దాయన ఎదుట మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. సాయంత్రం ఒక సంచీతో నన్ను కర్లపాలెం బస్సెక్కించాడు. "మీ అన్నయ్య దగ్గర కూర్చుని నిజాలు చెప్పుకో" అన్నాడు, అదే గొంతుతో. హరితని పంపలేదు. దానికప్పుడు ఆరేళ్ళు. పదకొండు రోజులు. ఫోన్ చేస్తే "పడుకుంది" అనేవారు అత్తయ్య, పొద్దున పదింటికి కూడా. పన్నెండోరోజు ఆయనే వచ్చి తీసుకెళ్ళాడు. ప్రేమొచ్చి కాదు, బల్ల మీద రిపేర్లు పేరుకుపోయి. ఇంటికెళ్తే నా కూతురు రెండురోజులు నా దగ్గరికి రాలేదు. గోడకి ఆనుకుని నిలబడి, ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూసింది. ఇప్పుడు చెప్పండి, నాలుగు చుక్కలు తుడిచెయ్యడం పెద్ద పనా?

తుడిచేశాను. కాని చెయ్యి ఆగినా మనసు ఆగదే! కూర తరుగుతుంటే రేపల్లె. బట్టలు జాడిస్తుంటే రేపల్లె. ఆ పిల్ల నేలమీద పాపని పడుకోబెట్టుకుని పని చేస్తుంది. ఇక్కడ కారింది అక్కడ కారదా? ఏమో, ఇదొక్కటే చెడ్డదేమో, అక్కడిది బాగానే ఉందేమో. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఎంత బాగా నేర్చుకున్నానో సర్దిచెప్పడం.

మధ్యాహ్నం భోజనానికొస్తూ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. రాజారత్నంగారికి పంపే రిపోర్టు, నీటుగా టైపు చేయించాడు. మూడింటిలోకి రెండోది శ్రేష్ఠం, ఏడు రోజులు నిరంతరంగా పరీక్షించాం, ఏ లోపమూ లేదు. కింద, 'పరీక్షించినవారు: కుసుమకుమారి, డి.ఇ.సి.ఇ.' నా పేరు! నా డిప్లొమా! పదేళ్ళలో మొదటిసారి కాగితం మీద చూశాను. దేవుడి మీద ఒట్టు, ఒక్క క్షణం పొంగిపోయాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తర్వాత అర్థమైంది. మంచి జరిగితే షాపుది. చెడు జరిగితే కింద నా పేరుంది.

"నా పేరెందుకండీ?" అన్నాను.

"టెస్టు చేసేది నేనైతే పేరు మీదా అని మొన్న ఏడ్చావుగా. ఇదిగో పేరు. నే లేచేసరికి సంతకం పెట్టి ఉంచు" అని చేతులు కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు.

పెన్ను తీశాను. అబద్ధం చెప్పను, తీశాను. క అని రాయబోయాను. రాయలేకపోయాను. పెన్ను వదిలేసి షాపులోకెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, ముబీనాకి ఫోన్ చేశాను.

"అక్కా! భలే ఉందక్కా నీ కూలర్. పొద్దున్నించీ ఆపకుండా నడుస్తోంది" అంది.

"కవరు తీసి చూడమ్మా, లోపల ఎక్కడైనా తడి ఉందా?"

"లోపలేమో గాని కింద నేలమీద ఉందక్కా, కాస్త జిగటగా. మా పాప షబ్నం పాలు ఒలకబోసిందనుకున్నా. తుడుద్దామని ఇప్పుడే తడిగుడ్డ తెచ్చా."

"స్విచ్చుల బాక్సు ఎక్కడుంది?"

"బల్ల కింద. నేలమీదే. మీ ఆయనేగా అలా పెట్టి వెళ్ళారు."

"తుడవకు!" అని అరిచాను. "ముబీనా, తుడవకు! ఆ తడి తొక్కకు! పాపేది?"

"బల్ల కిందే..."

"దూరం నుంచి పిలువు. నువ్వు దగ్గరికెళ్ళకు. ముందు మెయిన్ ఆపు. మెయిన్ ఆపి అప్పుడు ఎత్తుకో. పరిగెత్తు తల్లీ!"

ఫోను కింద పడిన చప్పుడు. వాళ్ళింట్లో సీలింగ్ ఫ్యాన్ కిర్రుకిర్రుమంటోంది. పాప ఏదో తనలో తను మాట్లాడుకుంటోంది. కిర్రు, కిర్రు, కిర్రు. ఒక ప్రాణం నా నోటి మాట మీద బల్ల కిందకి చేరింది. 'మంచిదేనమ్మా' అన్న మాట మీద. భగవంతుడా, ఆ మాట వెనక్కి తీసుకోనివ్వు, నన్నేం చేస్తావో చెయ్యి. ఫ్యాన్ నెమ్మదించింది. ఆగిపోయింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

"ఎత్తుకున్నానక్కా" అంది ముబీనా, రొప్పుతూ. "బాక్సు మీద చుక్కలు చుక్కలుగా ఉందక్కా. తడిగుడ్డ పెట్టేదాన్నే. అల్లా!"

"వాసిం వచ్చేదాకా మెయిన్ వెయ్యకు. తప్పు నాదమ్మా. మంచిదని చెప్పింది నేనే" అన్నాను.

తలెత్తేసరికి గుమ్మంలో మా ఆయన. నా అరుపుకి లేచినట్టున్నాడు. వెనక అత్తయ్య, ఆవిడ కొంగు పట్టుకుని హరిత. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు.

"ఫోన్ ఎవరికి?" అన్నాడు. గొంతు తగ్గింది.

చెప్పాను. పాప సంగతీ, బాక్సు సంగతీ. ఆయన మొహంలో రంగు మారింది ఒక్కసారి, కాదనను. మళ్ళీ సర్దుకున్నాడు. "ఏం కాలేదుగా? దాన్ని మార్చి ఇద్దాం. ఈ సంగతి రేపల్లె దాటకూడదు. ఆ సంతకం పెట్టు."

"ఇరవై అండీ. ఇరవై మంది పిల్లలు కూర్చుంటారు."

"కుసుమా." ఇంకా తగ్గించాడు. "కర్లపాలెం బస్సు ఎన్నింటికో గుర్తుందిగా?"

భయమేసింది. వేస్తుంది, అదేం పోలేదు. పోతుందేమో అనుకున్నాను గాని పోలేదు. భయం పోయాక చేద్దామనుకుంటే ఈ జన్మకి ఏమీ చెయ్యలేనని అప్పుడు తెలిసింది. హరిత వైపు చూసి, "అమ్మా, ఇలా రా, నా పక్కన నిలబడు" అన్నాను. అది అత్తయ్య కొంగు వదిలింది. "నాయనమ్మా, ఉండు" అని నా దగ్గరికి నడిచి వచ్చింది. దాని చెయ్యి ఎడం చేత్తో పట్టుకున్నాను. కుడిచేత్తో బాపట్ల నంబరు నొక్కాను. ఒక అంకె తప్పింది, మళ్ళీ నొక్కాను. ఆయన ఒక అడుగు వేశాడు. ఆగాడు. నేను ఆపుతానేమో అని చూస్తున్నాడు. ఎప్పుడూ ఆపేదాన్నేగా!

"రాజారత్నంగారాండీ? తెనాలి నుంచండి. ఆ రెండో కూలర్ కారుతోందండి, కొనకండి."

"అదేంటమ్మా? పాండురంగారావుగారు పొద్దున్నే బ్రహ్మాండంగా ఉందన్నారే! నీకు సరిగ్గా తెలీదేమో. ఒకసారి ఆ టెస్టు చేసినాయనకి ఫోనివ్వు."

హరిత చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"ఆయన కాదండి, ఆవిడ. ఆవిడే మాట్లాడుతోంది. కాగితం తీసుకోండి, రాసుకుందురుగాని."