కార్బురేటరుకు కళాయి

కల్లు దుకాణం తెరవకముందే కార్బురేటరు విప్పి కూర్చోవడం ఉప్పలయ్యకు అలవాటైపోయింది. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై, అందులో ఇప్పసారా కలిపి పోస్తున్నారు. మనుషులనే పడగొట్టే సారా పాత మోటారును ఊరికే వదులుతుందా? లోపల తెల్లటి పొడి పేరుకుని, చెదలు పట్టినట్టు లోహాన్ని తినేస్తోంది. రోజూ ఆ పొడి గీకి, ఊది, సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు బస్సు నడుపుతున్నాడు.

ఆ రోజు మాత్రం గీకితే సరిపోదనుకున్నాడు. పురిటికని అదే ఊళ్లోని పుట్టింటికి వెళ్లిన భార్య బాలలక్ష్మి రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని, పట్నం దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. దారిలో మోటారు ఆగకూడదని, బిందెలు తోమినట్టే కార్బురేటరును చింతపండు పులుసులో నానబెట్టాడు. అది ఇత్తడి కాదన్న సంగతి ఆ ఆత్రంలో మరిచాడు. తీసి చూస్తే గోరంత చిల్లు. ఊళ్లో ఇంకో మోటారు లేదు. ఎడ్లబండి మీద పోతే మూడు రోజులు. నా చేతులతో నేనే బాలలక్ష్మి గొంతు కోసిన గదా అని కూలబడ్డాడు.

ఆ చిల్లు కార్బురేటరు పట్టుకునే అత్త ఐలవ్వ దగ్గరికి పరుగెత్తాడు. ఐలవ్వ కన్నీళ్లు చెంప దాటగానే కరిగిన తగరమై జారేవి, పడ్డచోట గట్టిపడేవి. ఆ ఇంట్లో చావు జరిగితే వాడంతా గిన్నెలతో వాకిట్లో నిలబడేది. మామ పోయిన నాడు వేయించుకున్న కళాయి ఇంకా చెక్కుచెదరలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

“ఒక్క చుక్క చాలు అత్తమ్మా,” అని చిల్లు చూపించాడు.

ఐలవ్వ గుమ్మం లోపలికి చూసింది. బతికున్న మనిషి మీద శోకం పెడితే ఆ మనిషి దక్కదని వాడలో అందరికీ తెలుసు. లోపల బాలలక్ష్మి మూలుగు సన్నబడుతోంది.

“నా బిడ్డ మీద ఏడ్వ, అల్లుడా. నా మీద నేనే ఏడుస్త. గిటు పట్టు.”

తన పేరు తనే పెట్టుకుని, ఐలవ్వా, పోతివా అని రాగం తీసి ఏడ్చింది. వద్దన్న మాట ఉప్పలయ్య నోటిదాకా వచ్చింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. చిల్లు పూడింది.

మోటారు దారిలో ఎక్కడా దగ్గలేదు. సాయంత్రానికి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ దక్కింది.

మూడోనాడు ఆ కబురు చెబుదామని ఉప్పలయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. అత్త వాకిట్లో వాడంతా నిలబడి ఉంది. ఒక్కరి చేతిలోనూ గిన్నె లేదు.